శీతకాలములో చిన్న తాళవృక్షముల సంరక్షణ

తాటి, ఈత, కొబ్బరి, పోక, ఖర్జూరము, జీలుగు — ఇవి యన్నియు ఒకే కుటుంబమునకు చెందిన చెట్లు. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని తాళకుటుంబ మందురు. ఇందు సుమారు 2,600 జాతులు కలవు. వీనిలో అత్యధిక భాగము ఉష్ణమండలములో పుట్టి పెరిగినవే. కోనసీమలో కొబ్బరిమొక్క నాటిన రైతునకు నీటిని గూర్చి, తుఫానును గూర్చి, చీడపీడలను గూర్చి చింత యుండును గాని, నీరు గడ్డకట్టు చలిని గూర్చి చింత యుండదు. అయితే తాళవృక్షముల అందమునకు ముగ్ధులై శీతలదేశములవారు కూడ వానిని తమ తోటలలో పెంచుచున్నారు. వారికి ఏటేట శీతకాలము ఒక పరీక్ష. నిరుడు నాటిన చిన్న మొక్క వసంతమువరకు బ్రతికియుండునా అను ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్నచో వృక్షశాస్త్రముతో బాటు భౌతికశాస్త్రము కూడ కొంత తెలిసి యుండవలెను.

పాదువా తోటలోని చెట్టు

ఇటలీదేశమందలి పాదువా నగరములో 1545వ సంవత్సరమున స్థాపింపబడిన వృక్షశాస్త్రోద్యానము కలదు. అందు 1585లో నాటిన ఒక తాళవృక్షము నేటికిని సజీవముగ నున్నది. ఇది కామేరాప్స్ హ్యూమిలిస్ అను జాతికి చెందినది. మధ్యధరా సముద్రతీరమున సహజముగ పెరుగు పొట్టి తాళము. ఒకే మొదలునుండి పలు కాండములు గుంపుగ లేచుట దీని లక్షణము. పాదువాలో శీతకాలపు రాత్రులందు ఉష్ణోగ్రత తరచుగా సున్నకు చేరువగును, ఒక్కొక్కపుడు దిగువకును పోవును. ఈ చెట్టునకు అద్దములతో ఒక ప్రత్యేక గృహము నిర్మించి కాపాడుచున్నారు.

1786లో జర్మన్ మహాకవి గేటే ఆ తోటను దర్శించి ఈ చెట్టును శ్రద్ధగా పరిశీలించెను. దీని ఆకులలో క్రిందివి చీలికలు లేక సాదాగ నుండెను. పైకి పోయినకొలది చీలికలు హెచ్చి, తుదకు విసనకఱ్ఱ ఆకారము దాల్చెను. మొక్కల అవయవముల రూపాంతరమును గూర్చి గేటే 1790లో ప్రకటించిన గ్రంథమునకు ఇట్టి పరిశీలనలే దోహదము చేసినవి. తాటిమొక్కను గాని, కొబ్బరిమొక్కను గాని చూచినచో ఈ మార్పును మన విద్యార్థులును గుర్తింపవచ్చును. మొలకెత్తిన తొలి సంవత్సరమున వాని ఆకులు చీలకుండ నుండును. వయసు వచ్చిన పిదపనే తాటియాకునకు విసనకఱ్ఱ రూపము, కొబ్బరియాకునకు ఈనెల రూపము కలుగును.

ఒకే మొవ్వు, ఒకే ప్రాణము

వేపచెట్టు కొమ్మను నరికినచో కొలదిదినములలో ప్రక్కనుండి క్రొత్త చిగురులు పుట్టును. మామిడి మానునకు గాయమైనచో క్రమముగా బెరడు పెరిగి గాయమును కప్పివేయును. ద్విదళబీజపు చెట్లలో బెరడునకును, కఱ్ఱకును నడుమ నిరంతరము విభజన చెందు కణముల పొర యొకటి యుండుటయే దీనికి కారణము. ఆ పొర యేటేట క్రొత్త కఱ్ఱను, క్రొత్త బెరడును నిర్మించును.

తాళవృక్షములు ఏకదళబీజములు. వానిలో అట్టి పొర లేదు. నీటిని, ఆహారమును మోయు నాళములు కాండమునందంతట చెదరియుండును. ఒకసారి ఏర్పడిన నాళములే చెట్టు జీవితాంతము పనిచేయవలెను. చెడినవానికి బదులు క్రొత్తవి పుట్టవు. అందువలననే కొబ్బరిచెట్టు మ్రానుపై పడిన కత్తిగాటు ఎన్నటికిని పూడదు.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. తాటి, కొబ్బరి వంటి ఒంటికాండపు తాళములలో పెరుగుదల అంతయు కాండపు కొన యందున్న ఒకే మొవ్వునుండి జరుగును. పుట్టవలసిన ఆకులన్నియు ఆ మొవ్వునందే ఒకదానిలో నొకటి చుట్టుకొని యుండును. ఆకులన్నియు మాడిపోయినను మొవ్వు బ్రతికియున్నచో చెట్టు తిరిగి చిగురించును. మొవ్వు చచ్చినచో, వేళ్ళు, కాండము బాగుగనే యున్నను చెట్టు చచ్చినట్లే. కామేరాప్స్ వలె పిలకలు వేయు జాతులకు మాత్రము మరియొక అవకాశము కలదు. కావున శీతకాలమున తాళమొక్కను కాపాడుట యనగా ముఖ్యముగా దాని మొవ్వును కాపాడుటయే.

చలి ఏమి చేయును?

చలివలన కలుగు హాని రెండు విధములు. మొదటిది నీరు గడ్డకట్టకుండగనే కలుగునది. శీతకాలమున కొబ్బరినూనె సీసాలో పేరుకొనుట మనకు తెలిసినదే. దాదాపు 24 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర అది గట్టిపడుట ఆరంభించును. నువ్వులనూనె అదే చలిలో ద్రవముగనే యుండును. కణములను చుట్టియుండు పలుచని త్వచములందును క్రొవ్వుపదార్థములు కలవు. అవి కొబ్బరినూనెయే కాకపోయినను, వానిలో కొన్ని చలికి బిగిసికొనును, కొన్ని మెత్తగనే యుండును. త్వచము బిగిసినచో కణములోనికి, వెలుపలికి పదార్థముల రాకపోకలు చెడును. మిక్కిలి ఉష్ణదేశపు జాతులకు ఈ విధమైన హాని సున్నకు చాల పైనుండగనే కలుగును. సగటున 27 డిగ్రీల వెచ్చదనమును కోరు కొబ్బరి, చల్లని నేలలో వేళ్ళు పనిచేయక వాడిపోవుటకు కారణమిదియే.

రెండవది నీరు గడ్డకట్టుటవలన కలుగునది. మొక్కలోని నీరు స్వచ్ఛమైన నీరు కాదు. చక్కెరలు, లవణములు అందు కరగియుండును. కరగిన పదార్థము హెచ్చినకొలది ఘనీభవన స్థానము తగ్గును. కణముల మధ్యనుండు నీటిలో ఇవి తక్కువ, కణములోపల ఎక్కువ. అందుచే మంచు మొదట కణముల నడుమ ఏర్పడును. ఆ మంచు కణములలోని నీటిని వెలుపలికి లాగికొనును. కణము ఎండి ముడుచుకొనును. చలి ఇంకను హెచ్చినచో త్వచము చినిగి, లోపలి ద్రవము బయటికి కారును. ఉదయమున ఎండ తగిలిన పిదప ఆకు ఉడికించినట్లు మెత్తబడి, తడిసి, నల్లబడుటకు కారణమిదియే. గొంగళిపురుగు కొరికినట్లు చలి ఆకును కొరకదు. లోపలనుండి ఎండబెట్టి చంపును.

ఒక్కొక్కపుడు నీరు తన ఘనీభవన స్థానమునకు దిగువకు పోయినను ద్రవముగనే నిలిచియుండును. దీనిని అతిశీతలీకరణ మందురు. ఓర్పు గల తాళముల ఆకులకు ఈ గుణము కొంతమేర రక్షణ నిచ్చును. అయితే ఆకుమీద తడి ముందుగ గడ్డకట్టినచో ఆ మంచుపలుకులు లోపలి నీటిని కూడ గడ్డకట్టించును. పొడిగ నున్న మొక్క తడిసిన మొక్కకంటె ఎక్కువ చలి నోర్చుట కిది యొక కారణము.

చిన్న మొక్కకు కష్టమెక్కువ

ఒకే జాతిలో ముదిరిన చెట్టు ఓర్చుకొను చలికి చిన్న మొక్క చచ్చిపోవుట సర్వసాధారణము. దీనికి కారణములు మూడు.

మొదటిది రేఖాగణితమునకు సంబంధించినది. వేడి ఉపరితలమునుండి పోవును, నిలువయుండునది ఘనపరిమాణములో. గుండ్రని కాండమునకు అడ్డుకొలత 20 సెంటిమీటర్లున్నచో దాని ప్రతి ఘన సెంటిమీటరునకు ఎంత ఉపరితలముండునో, అడ్డుకొలత 2 సెంటిమీటర్లు మాత్రమే యున్న కాండమునకు దానికి పదిరెట్లుండును. పెద్ద చెట్టు మొవ్వు మందమైన మట్టల తొడుగులనడుమ దాగి, తెల్లవారునంతవరకు వేడిని నిలుపుకొనగలదు. చిన్న మొక్క మొవ్వు గంట రెండు గంటలలోనే చుట్టునున్న గాలియంత చల్లబడును.

రెండవది నేలకు దగ్గరగ నుండుట. గాలి లేని, మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు వికిరణము చేయును. మబ్బున్నచో అది దుప్పటివలె కొంత వేడిని తిరిగి నేలకు పంపును. మబ్బు లేనపుడు నేల, ఆకులు గాలికంటె ముందుగ చల్లబడును. చల్లని గాలి బరువైనది కావున నేలనంటి, పల్లములలో నిలుచును. వాతావరణశాఖవారు ఉష్ణోగ్రతను నేలపై నొక మీటరుకు మించిన ఎత్తున, నీడగల పెట్టెలో కొలుతురు. అందుచే పెట్టెలోని ఉష్ణమాపకము 2 లేక 3 డిగ్రీలు చూపుచుండగనే నేలమీది గడ్డిపై మంచు పేరుకొనవచ్చును. జానెడెత్తు మొక్క బ్రతుకునది ఈ అడుగుపొరలోనే.

మూడవది నిలువ ఆహారము. పెద్ద చెట్టు ఆకులన్నియు పోగొట్టుకొన్నను కాండములోని పిండిపదార్థముతో మరల చిగురింపగలదు. రెండు మూడాకుల మొక్కకు ఆ పెట్టుబడి లేదు.

తేగ నేర్పు పాఠము

నేలమీది చలికి మందు నేలలోనే కలదని ప్రకృతి చూపినది. తెలుగువారికి తేగను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. తాటిటెంకలను పాతిపెట్టినచో ప్రతి టెంకనుండి ఒక గొట్టమువంటి మొలక బయలుదేరి నేలలోనికి దిగును. చూచువారు దానిని వేరనుకొందురు. నిజమునకు అది బీజదళములోని భాగము. తన కొనయందు పసిమొక్కను పెట్టుకొని లోతునకు చేర్చును. అక్కడ పిండిపదార్థము నిండిన దళసరి తొడుగు పెరిగి తేగ యగును. దానిని చీల్చినచో నడుమ నుండు లేత మొవ్వుకై పిల్లలు పోటీపడుదురు. టెంకలో మిగిలిన బుర్రగుంజు నిలువ ఆహారమును పీల్చి మొలకకు అందించు అవయవము.

పైనున్న ఎండను, కరవును, కార్చిచ్చును తప్పించుకొనుటకు తాటి చేసికొన్న ఏర్పాటిది, చలికొరకు కాదు. అయినను సూత్రమొక్కటే. నేల పైపొర పగలు కాలి, రాత్రి చల్లబడుచుండగా, అరమీటరు లోతున పగటికి రాత్రికి భేదమే తెలియదు. అమెరికా ఆగ్నేయభాగమున పెరుగు సేబల్ మైనర్ అను పొట్టి తాళము ఈ సూత్రమునే చలికి వినియోగించుకొన్నది. దాని కాండము మొదట క్రిందికి దిగి, కొంకివలె వంగి, తరువాత పైకి తిరుగును. మొవ్వు చాలకాలము నేలలోపలనే యుండును. చలికి ఆకులన్నియు మాడినను అది మరల లేచును.

చలి నోర్చు జాతులు

స్కాట్లండు దేశీయుడైన రాబర్ట్ ఫార్చూన్ చీనాదేశమున మొక్కలను సేకరించి పంపిన ప్రసిద్ధుడు. చీనా తేయాకుమొక్కలను హిమాలయ ప్రాంతమునకు చేర్చినవాడును ఇతడే. చూసాన్ ద్వీపములో ఒక తాళమును చూచి, 1849లో దాని మొక్కలను ఇంగ్లండునకు పంపెను. అక్కడివారు దాని పీచుతో త్రాళ్ళు పేనుకొని, వానకు కప్పుకొను గొంగడులవంటివి చేసికొనుచుండిరి. లండను సమీపమందలి క్యూ ఉద్యానములో అద్దపుమేడ వెలుపల నాటినను ఈ జాతి బ్రతికెను. అతని పేర దీనికి ట్రాకీకార్పస్ ఫార్చూనీ అను పేరు నిలిచినది. బాగుగ వేరూనిన పెద్ద చెట్టు సున్నకు దిగువ 15 డిగ్రీల చలిని సైతము కొద్దికాలము భరింపగలదు. చిన్న మొక్కలు అంతకంటె చాల ముందుగనే దెబ్బతినును.

అన్నింటికంటె గట్టిది అమెరికాకే చెందిన రాపిడోఫిల్లమ్ హిస్ట్రిక్స్. పొడవైన ముండ్లు మొవ్వు చుట్టును పందిముండ్లవలె నుండును. ఇది సున్నకు దిగువ 20 డిగ్రీలవరకు తట్టుకొన్నట్లు ప్రసిద్ధి. కొబ్బరికి మాత్రము సున్నడిగ్రీలే ప్రాణాంతకము. జాతి నెన్నుకొనుటలోనే సంరక్షణలో సగము ముగియును. తగని జాతిని ఎన్నుకొన్నవానికి మిగిలిన సగము ఎంత చేసినను చాలదు.

చలికి ముందు చేయవలసినవి

చలి నోర్చు శక్తి ఒక్కదినములో రాదు. క్రమముగ చల్లబడు దినములలో మొక్క తన కణములందు చక్కెరలను పెంచుకొనుచు సిద్ధపడును. శీతకాలమునకు ముందు నత్రజని ఎరువులు అధికముగ వేసినచో లేత ఆకులు పుట్టి, అవియే ముందుగ మాడును. పొటాషియము తక్కువైన మొక్క చలికి త్వరగా లొంగును. కావున వేసవిలోనే సమతూకమైన ఎరువు వేయుట మంచిది. మొక్కను వసంతములో నాటినచో చలి వచ్చులోపల వేరూనును. శీతకాలపు ముంగిట నాటిన మొక్కకు అపాయమెక్కువ.

స్థలము కూడ ముఖ్యము. పల్లములో నాటరాదు. సూర్యుని వేడిని పగలంతయు పీల్చి రాత్రి విడుచు ఇటుకగోడ ప్రక్కన రెండు మూడు డిగ్రీల మేలుండును. పెద్ద చెట్ల కొమ్మల నీడ క్రింద నున్న మొక్కకు ఆకాశము నేరుగ కనబడదు. అందుచే వికిరణమువలన పోవు వేడి తగ్గును.

నేలలోని మొక్కకు

చలిగాలి రానున్నదని తెలిసినపుడు నేలను ముందుదినమున బాగుగ తడుపవలెను. తడినేల పొడినేలకంటె ఎక్కువ వేడిని పగలు నిలువచేసికొని, రాత్రి పైకి పంపును. కాని మొవ్వులో నీరు నిలువరాదు.

వేళ్ళపై ఎండుటాకులు, గడ్డి, రంపపు పొట్టు 10 లేక 15 సెంటిమీటర్ల మందమున కప్పుట మేలు. ఇందొక మెలకువ కలదు. ఈ కప్పు వేళ్ళను కాపాడును గాని, నేలవేడిని పైకి రానీయదు. ఒకటి రెండు రాత్రులు మాత్రమే మంచుకురియు వెచ్చని ప్రాంతములలో తడిసిన బోడినేలయే ఆకులకు మేలు చేయును. వారముల తరబడి చలి నిలుచు చోట్ల కప్పు తప్పనిసరి. రెండు సందర్భములందును కప్పును మొవ్వునకు, కాండమునకు ఆనింపరాదు. తడి నిలిచి కుళ్ళును.

ఆకులను మెల్లగ పైకి మడిచి వదులుగ కట్టి, చుట్టును కఱ్ఱలు పాతి, పైన గుడ్డనో గోనెనో కప్పవలెను. గుడ్డ ఆకులకు తగులకుండుట మంచిది. అది నేలవరకు దిగుట ఇంకను ముఖ్యము. ఏలయనగా దీని పని మొక్కకు వేడి పుట్టించుట కాదు, నేలనుండి వచ్చు వేడిని పట్టి యుంచుట. పలుచని ప్లాస్టిక్కు ఆకులకు తగిలినచో, తగిలినచోటనే మంచుకాటు పడును. పగటియెండలో దానిక్రింద మొక్క ఉడికిపోవును. ఏ కప్పునైనను పగలు వెచ్చబడగనే తీసి, గాలి తగులనీయవలెను.

గుడ్డలోపల నీటిపాత్ర లుంచుట ఒక మంచి ఉపాయము. దీని వెనుకనున్న లెక్క విద్యార్థులకు ఆసక్తికరము. 20 లీటర్ల నీరు 10 డిగ్రీలనుండి సున్నకు చల్లబడునపుడు 200 కిలోకెలోరీల వేడి వెలువడును. అదే నీరు సున్నయొద్దనే మంచుగ మారినచో, గ్రామునకు 80 కెలోరీల చొప్పున మరి 1,600 కిలోకెలోరీలు వెలువడును. 60 వాట్ల విద్యుద్దీపము పది గంటలు వెలిగినచో వచ్చునది సుమారు 516 కిలోకెలోరీలే. గుప్తోష్ణమునకు గల శక్తి యిట్టిది. విద్యుద్దీపము వాడదలచినవారు తంతువు గల పాతరకము బల్బునే వాడవలెను. నేటి ఎల్‌ఇడి దీపములు ఇచ్చు వేడి మిక్కిలి తక్కువ. దీపము గుడ్డకు గాని, ఆకునకు గాని తగులరాదు. వానకు తడిసినను ప్రమాదములేని తీగలు వాడవలెను.

ఫ్లారిడాలో నారింజతోటలపై రాత్రియంతయు నీటిని చిమ్ముట యొక పద్ధతి. గడ్డకట్టుచున్న నీటి గుప్తోష్ణము చెట్టును సున్నకు దగ్గరగ నిలుపును. కాని చిమ్ముట నడుమ నాపినచో నీరు ఆవిరియగుట ఆరంభించును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 600 కెలోరీలు కావలెను. అనగా ఏడు గ్రాముల నీరు గడ్డకట్టి యిచ్చిన వేడినంతయు ఒక గ్రాము ఆవిరి హరించును. కావున సగములో మానుటకంటె మొదలిడకుండుటే మేలు. మొవ్వులో నీరు నిలుచు చిన్న తాళములకు ఈ పద్ధతి తగదు.

కుండీలోని మొక్కకు

నేలలో నున్న వేళ్ళకు చలి పైనుండి మాత్రమే వచ్చును. కుండీలోని వేళ్ళకు అన్నివైపులనుండి వచ్చును. వేళ్ళు ఆకులకంటె సుకుమారములు. కావున కుండీలను ఇంటిలోపలికి చేర్చుట ఉత్తమము. వీలుకానిచో గోడప్రక్కన దగ్గరదగ్గరగ చేర్చి, చుట్టును గోనెసంచులు కట్టవలెను.

ఇంటిలో మరియొక చిక్కు కలదు. శీతలదేశముల ఇండ్లలో వేడిచేసిన గాలి మిక్కిలి పొడిగ నుండును, వెలుతురు తక్కువ. ఆకుల కొనలు ఎండును, ఎఱ్ఱనల్లి చేరును. మొక్కను కిటికీదగ్గర నుంచి, ఆకులను తడిగుడ్డతో తుడుచుచు, నీరు మాత్రము తగ్గించి పోయవలెను. చల్లని తడిమట్టిలో వేళ్ళు కుళ్ళును. వసంతములో మరల బయటికి తెచ్చునపుడు మొదట నీడలో, పిదప క్రమముగ ఎండలో నుంచవలెను. నెలలతరబడి లోపలనున్న ఆకు తొలినాటి యెండకే కాలిపోవును.

చలి గడచిన పిదప

చలికి మాడిన మొక్కను చూడగనే కత్తి చేతబట్టుట సహజము. అది తగదు. ఆకులలో పచ్చదన మేమాత్రము మిగిలినను ఆహారము తయారగును. పూర్తిగ ఎండిన ఆకులును మొవ్వునకు తొడుగువలె పనిచేసి, రానున్న మరియొక చలినుండి కాపాడును. చలిభయము పూర్తిగ తొలగిన పిదపనే ఎండినవానిని తీయవలెను.

మొవ్వు నడుమ ఇంకను విచ్చుకొనని మొనదేరిన ఆకును మెల్లగ లాగి చూచుట ఒక పరీక్ష. గట్టిగ నున్నచో మంచిది. సులువుగ ఊడి వచ్చి, అడుగున మెత్తగ కుళ్ళి దుర్వాసన కొట్టినచో మొవ్వుకుళ్ళు ఆరంభమైనది. చలికి చచ్చిన కణములలో శిలీంధ్రములు, సూక్ష్మజీవులు చేరును. అపుడు నిలిచిన నీటిని వంచివేసి, కుళ్ళిన భాగమును తీసి, రాగిమందు వేయుదురు. మన కొబ్బరి రైతులకు తెలిసిన బోర్డో మిశ్రమము ఈ కోవకు చెందినదే: మైలుతుత్తము ఒక కిలో, సున్నము ఒక కిలో, నీరు 100 లీటర్లు. దీనిని పది దినముల యెడముతో రెండుమార్లకు మించి వాడరాదు. రాగి పోగై మొవ్వునకే హాని చేయును. మొన యూడినంత మాత్రమున మొక్క చచ్చినదని అనుకొనరాదు. అడుగున ప్రాణమున్నచో కొన్ని నెలలకు వంకరటింకర ఆకు ఒకటి తొంగిచూచును. తరువాతివి క్రమముగ సరియగును.

తొందరపాటు ఎంత నష్టమో 2021వ సంవత్సరము చూపినది. ఆ ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమును అసాధారణమైన శీతలవాయువు ముంచెత్తెను. తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన డల్లాస్ ప్రాంతపు విమానాశ్రయములో 16వ తేదీన సున్నకు దిగువ 19 డిగ్రీలు నమోదయ్యెను. వీధులవెంట వరుసలుగ నాటిన మెక్సికో తాళములు వేలకొలది మాడిపోయెను. ఆ నేలకు సహజమైన సేబల్ జాతులు చాలవరకు తేరుకొనెను. గోధుమరంగు కనబడగనే నరికింపవద్దని, వేసవివరకు వేచి మొవ్వును గమనింపుడని ఉద్యాన నిపుణులు సలహా ఇచ్చిరి. చచ్చినట్లు కనబడిన చెట్లలో కొన్ని ఆ వేసవిలో చిగురించెను.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఇందలి విషయములలో కొన్నింటిని మన పాఠశాలలలోనే పరీక్షింపవచ్చును.

ఒకటి: దంచిన మంచుగడ్డ మూడు పాళ్ళు, ఉప్పు ఒక పాలు కలిపి ఒక పాత్రలో నుంచవలెను. మంచినీరు, చక్కెర నీరు, చిక్కని ఉప్పునీరు మూడు పరీక్షనాళికలలో పోసి అందు నిలిపి, ఏది ముందు గడ్డకట్టునో గమనింపవలెను. ఒక్కొక్కదానిలో ఉష్ణమాపకము నుంచినచో ఘనీభవన స్థానములందలి భేదము తెలియును.

రెండు: ఒక తమలపాకును, ఒక కొబ్బరియాకు ముక్కను అదే మిశ్రమములో నుంచిన పొడి నాళికలలో అరగంట ఉంచి, తీసి, మామూలు వేడికి రానీయవలెను. రంగు, మెత్తదనము, కారు నీరు వీనిని పోల్చవలెను.

మూడు: డిసెంబరు లేక జనవరిలో మబ్బులేని రాత్రి ఒక ఉష్ణమాపకమును గడ్డిమీద, మరియొకదానిని అదే చోట మీటరున్నర ఎత్తున, మూడవదానిని గుడ్డకప్పిన బుట్టక్రింద గడ్డిపై నుంచి, తెల్లవారుజామున చూడవలెను. మబ్బుపట్టిన రాత్రి మరల చేసి పోల్చవలెను. పాడేరు, లంబసింగి వంటి ఏజెన్సీ గ్రామములందలి పాఠశాలలకు ఈ పరీక్ష మిక్కిలి అనుకూలము.

చిన్న మొక్క చెప్పు పెద్ద సంగతి

ఒక ప్రాంతములో తాళవృక్షములు తమంతట తాము వ్యాపించుట చిన్న మొక్కలమీదనే ఆధారపడి యున్నది. స్విట్జర్లండు దక్షిణభాగమందలి టిచీనో ప్రాంతపు తోటలలో ట్రాకీకార్పస్ చెట్లు చాలకాలమునుండి కలవు. అవి పూచి, కాచి, పక్షుల ద్వారా గింజలను వెదజల్లుచునే యుండెను. కాని మొలకలు శీతకాలమునకు చచ్చుచుండెను. గత కొన్ని దశాబ్దములుగ శీతకాలములు మెత్తబడుటచే ఆ పసిమొక్కలు ఇపుడు బ్రతుకుచున్నవి. ప్రక్క అడవులలోనికి చొచ్చి అచ్చటి మొక్కలకు చోటు లేకుండ చేయుచున్నవి. తుదకు 2024 సెప్టెంబరు 1వ తేదీనుండి ఆ మొక్కను అమ్మరాదని స్విట్జర్లండు ప్రభుత్వము నిషేధించినది. ఒకప్పుడు చలినుండి గుడ్డకప్పి కాపాడిన మొక్కనే నేడు అదుపులో నుంచవలసి వచ్చినది.

శిలాజములును ఇదే భాష మాట్లాడును. సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందటి తాళపుప్పొడి ఉత్తరధ్రువ సముద్రపు అడుగుననున్న మట్టిలోను, అంటార్కిటికా తీరసమీపపు మట్టిలోను దొరికినది. తాళముల మొలకలు కఠినమైన చలికి ఓర్వజాలవు. కావున ఆనాడు ధ్రువప్రాంతములలో సయితము శీతకాలము మంచులేక మెత్తగ నుండెనని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఉష్ణమాపకము పుట్టని కాలమునకు ఒక పసిమొక్క ఉష్ణమాపకముగ పనికివచ్చినది. తోటమాలి రాత్రి గుడ్డకప్పి కాపాడు మొవ్వును, భూమి చరిత్ర చదువు శాస్త్రజ్ఞుడు సాక్ష్యముగ పిలుచు మొవ్వును ఒక్కటే. దానికి గల చలిభయమే ఇద్దరికిని పాఠము.